మనవరాలికీ తాతయ్యకీ ఒకే టైమ్ టేబుల్

డిస్నీ వరల్డ్‌లో 3 ఏళ్ళు నిండని పిల్లలకి టికెట్ అక్కర్లేదు. 3 నుంచి 9 ఏళ్ళ దాకా పిల్లల టికెట్. 10 నిండితే పెద్దల టికెట్. పెద్ద వయసు వాళ్ళకి తగ్గింపేమీ లేదు. అమెరికాలో ఉండే తెలుగు ఇళ్ళల్లో ఈ నాలుగు ముక్కలూ అందరికీ కంఠతా వచ్చు. పాప రెండో పుట్టినరోజు కేక్ కోశామో లేదో, ఎవరో ఒకరు అడగడం మొదలెడతారు: "ఇంకా డిస్నీ వెళ్ళలేదా? 3 నిండితే టికెట్ కొనాలి మరి!"

మా పాపకి మార్చిలో 3 నిండుతాయి. మాతో ఉండటానికి తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి తిరుగు టికెట్ ఫిబ్రవరిలో. అంటే వెళ్తే సంక్రాంతి అయ్యాక ఓ రెండు మూడు వారాల్లో వెళ్ళాలి, లేకపోతే లేదు. మేం ఉండేది అట్లాంటా. డిస్నీ వరల్డ్ ఉన్న ఓర్లాండో ఇక్కడికి సుమారు 700 కిలోమీటర్లు. 2 ఏళ్ళు దాటిన పిల్లకి విమానంలో సీటు కొనాల్సిందే కాబట్టి, 5 టికెట్ల లెక్క చూసుకుని కారే నయం అనుకున్నాం.

అభ్యంతరం ఇంట్లోనే మొదలైంది.

"ఊహ తెలియని పిల్లకి అంత ఖర్చెందుకే? రేపు దానికి ఏం గుర్తుంటుంది?" అంది అమ్మ.

"మీరు ముగ్గురూ వెళ్ళి రండమ్మా. మేం ఇంట్లో ఉంటాం" అన్నారు నాన్న.

అమ్మది డబ్బు బెంగ. నాన్నది వేరే. ఆయనకి 67. రెండు మోకాళ్ళూ అరిగాయి. ఆపరేషన్ మాట ఎత్తితే "చూద్దాంలే" అంటారు. పెద్ద షాపులకి వెళ్తే ముందు సోఫాలు అమ్మే వైపు ఎక్కడుందో చూసుకుని, "మీరు కొనుక్కు రండి, నేను ఇక్కడ కూర్చుంటా" అంటారు. అమెరికాలో జారి పడితే ఆస్పత్రి బిల్లు ఎంతవుతుందో వాట్సాప్‌లో ఎన్ని కథలు వచ్చాయో! విజిటర్స్ ఇన్సూరెన్స్ తీసుకున్నా, ముందు నుంచీ ఉన్న జబ్బులకి చాలా పాలసీలు మొహం చాటేస్తాయని ఆయనకీ తెలుసు. ఇవేవీ పైకి చెప్పరు. "నాకు ఆ బొమ్మలాటలు ఏం బాగుంటాయి" అంటారు, అంతే.

మా ఆయన అప్పటికే ఎక్సెల్ షీట్ తయారుచేశాడు. 4 పార్కులు, 4 రోజులు, పొద్దున్న 8 నుంచి రాత్రి బాణసంచా దాకా. రంగులు కూడా వేశాడు. అందులో మా పాప నిద్రపోయే గడి ఒక్కటి కూడా లేదు.

నేనూ సాఫ్ట్‌వేరే. ఏ సిస్టమ్ అయినా దాన్లో అన్నిటికంటే నెమ్మదైన భాగం ఎంత వేగంగా నడుస్తుందో అంతే వేగంగా నడుస్తుందని రోజూ ఆఫీసులో చూసేదే. అందుకని ఇంకో షీట్ తెరిచి, ముందు పాప రోజు రాశాను. 6:30కి లేవడం. 8కి టిఫిన్. 10కి ఏదో ఒకటి తినడం. 12కి అన్నం. 12:45 నుంచి 2:30 దాకా నిద్ర. డైపర్ మానేసిన కొత్త కాబట్టి గంటన్నరకోసారి బాత్రూమ్. ఒక కిలోమీటరు మించితే "ఎత్తుకో". చీకటి పడితే చిరాకు. 8:30కి పడక.

పక్క గడిలో నాన్న రోజు రాశాను. 5:30కి లేవడం. 8కి టిఫిన్, బీపీ మాత్ర. 10కి కాఫీ. 12:30కి అన్నం. 1 నుంచి 2:30 దాకా కునుకు. షుగర్ ఉంది కాబట్టి గంటన్నరకోసారి బాత్రూమ్. ఒక కిలోమీటరు మించితే మోకాళ్ళు. 9కి పడక.

రెండు గడులూ పక్కపక్కన చూసి మా ఆయన నవ్వాడు. తన షీట్ మూసేశాడు.

మొదట క్యాలెండర్

డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదు. 1971 అక్టోబర్ 1న మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలైంది. తర్వాత 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్నది, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. మేం 4 పార్కుల్లో 2 కొట్టేశాం. చిన్నపిల్లలు ఎక్కగలిగేవి ఎక్కువ ఉన్నది మ్యాజిక్ కింగ్‌డమ్‌లో. జంతువులంటే మా పిల్లకి ప్రాణం కాబట్టి రెండోది యానిమల్ కింగ్‌డమ్. మిగతా రెంటికీ అది పెద్దయ్యాక వెళ్ళొచ్చు.

టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది. ఒక్క రోజుదే మనిషికి 100 డాలర్లు దాటుతుంది. ఎక్కువ రోజులకి కొంటే రోజుకి పడే ధర తగ్గుతుంది. మేం కొన్న 3 రోజుల టికెట్‌ని 5 రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. మా ప్లాన్ మొత్తం ఆ వెసులుబాటు మీదే నిలబడింది. ఒక రోజు పార్కు, మర్నాడు ఇల్లు. మళ్ళీ పార్కు, మళ్ళీ ఇల్లు. చివర పార్కు. నాన్న మోకాళ్ళకి ఒక రోజు ఆసరా, పాపకి ఒక రోజు మామూలు నిద్ర.

నెల విషయానికొస్తే, జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే. ఆ రెండు పొడుగు వారాంతాల్లో జనం విరగబడతారు. మధ్యలో బళ్ళు జరుగుతుంటాయి కాబట్టి కాస్త పలచగా ఉంటుంది. ఎండ కూడా తెనాలిలో సంక్రాంతి ఎండకంటే తక్కువే. పగలు 22 డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి స్వెటర్ పడేంత చలి. అదే జూన్, జులైలో అయితే ఉక్కపోత, మధ్యాహ్నం ఉరుములు. పిడుగుల భయం ఉంటే బయట తిరిగే రైడ్లు ఆపేస్తారు. ఎండాకాలం సెలవల్లో అమ్మానాన్నల్ని తీసుకెళ్దాం అనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతీ ఆలోచించుకోండి.

ఇల్లా, హోటలా

డిస్నీ సొంత హోటల్లో దిగితే పార్కులోకి మామూలు వాళ్ళకంటే అరగంట ముందు వదులుతారు. బస్సు నేరుగా గేటు దగ్గర దింపుతుంది. మధ్యాహ్నం గదికి వచ్చి పడుకుని మళ్ళీ వెళ్ళొచ్చు. చిన్నపిల్లలున్న వాళ్ళకి ఇదే మంచిదని అందరూ చెప్తారు. నిజమే.

కానీ మా ఇంట్లో ఇంకో సమస్య ఉంది. రెండో రోజుకల్లా పెరుగన్నం లేకపోతే ముగ్గురు మనుషులు డల్ అయిపోతారు. ఆ ముగ్గురిలో మా ఆయన ఒకడు. అందుకని పక్కనే ఉన్న కిసిమీలో వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకున్నాం. అమ్మ కోసం కుక్కర్, కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి సీసా కార్లో మొదట ఎక్కాయి. పాప బట్టలు తర్వాత.

బయట ఇల్లు తీసుకుంటే మ్యాజిక్ కింగ్‌డమ్ విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. కారు పార్క్ చేసిన చోట పార్కు ఉండదు. మధ్యలో పెద్ద చెరువు ఉంటుంది. అక్కడి నుంచి మోనోరైలో, ఫెర్రీ పడవో ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళాలి. గేటు చేరేసరికి అరగంట, ముప్పావు గంట తేలిగ్గా అవుతుంది. అంటే మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకుని వెళ్ళే మాట మర్చిపోవాలి. నిద్ర పార్కులోనే ఏర్పాటు చేసుకోవాలి.

బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు. గాజు సీసాలు, మద్యం పనికిరావు. కూలింగ్ బ్యాగ్‌లో విడి ఐసు వెయ్యకూడదు, ఐస్ ప్యాక్‌లు పెట్టుకోవాలి. సెక్యూరిటీ ఆయన మా స్టీలు డబ్బా మూత తీసి పెరుగన్నం చూసి, దానిమ్మ గింజలు చూసి, "ఇది బాగుంది" అన్నట్టు తలూపి పంపించాడు. ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ ఉంటుంది. పిల్లల బట్టలు మార్చడానికి బల్లలు, పాలివ్వడానికి గది, చిన్న కుర్చీలు, మైక్రోవేవ్ అన్నీ ఉంటాయి. పాపకి పప్పన్నం అక్కడే వేడి చేసి పెట్టాను. సోడా, కూల్‌డ్రింకులు పోసే కౌంటర్లలో అడిగితే గ్లాసుడు చల్లటి నీళ్ళు ఊరికే ఇస్తారు. నీళ్ళ సీసాలు కొనక్కర్లేదు.

36 అంగుళాలు

పార్కులో చాలా రైడ్ల ముందు ఒక కొలబద్ద నిలబడి ఉంటుంది. పిల్లల ఎత్తు దానికి తగిలితేనే లోపలికి. ఇంట్లో గోడకి ఆనించి పెన్సిల్‌తో గీత గీసి వెళ్ళడం మంచిది. అక్కడ లైన్లో నిలబడి, తీరా ముందుకి వెళ్ళాక వెనక్కి పంపిస్తే పిల్ల ఏడుపు తట్టుకోలేం.

మా పాప 36 అంగుళాలు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 కావాలి. స్పేస్ మౌంటెన్‌కి 44. యానిమల్ కింగ్‌డమ్‌లో ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్‌కీ 44. ఆ పెద్ద రైడ్లు ఎలాగూ నాన్న ఎక్కరు, అమ్మ అసలే ఎక్కదు. ఎత్తు పట్టింపు లేనివి మాత్రం చాలా ఉన్నాయి: ఎగిరే ఏనుగు డంబో, పీటర్ పాన్, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, పీపుల్ మూవర్, సఫారీ. పాప ఎక్కగలిగినవి రాసి, పక్కన నాన్న ఎక్కగలిగినవి రాస్తే మళ్ళీ అదే జరిగింది. ఇంచుమించు ఒకే జాబితా.

పెద్ద రైడ్లు ఎక్కాలనుకునే అమ్మానాన్నలకి రైడర్ స్విచ్ అని ఒకటుంది. ఒకరు పాపతో బయట ఉంటారు. ఇంకొకరు లైన్లో వెళ్ళి రైడ్ ఎక్కి వస్తారు. తర్వాత బయట ఉన్నవాళ్ళు మామూలు లైన్లో మళ్ళీ మొదటి నుంచి నిలబడకుండా ఎక్కొచ్చు. మాకు దాని అవసరం ఒక్కసారే పడింది. మిగతా సార్లు అమ్మమ్మ, తాతయ్య, మనవరాలు ఒక బెంచీ మీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటుంటే, నేనూ మా ఆయనా ఇద్దరం కలిసి వెళ్ళాం. పిల్ల పుట్టాక మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్ళడం ఎన్నిసార్లు జరిగిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మైన్ ట్రైన్ మీద ఆ మూడు నిమిషాలు కూడా ఆ లెక్కలో వేసుకున్నాను.

రెండు బండ్లు

స్ట్రోలర్ 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించకూడదు. ఇంట్లో "నడిచే పిల్లే కదా, స్ట్రోలర్ ఎందుకు" అనిపిస్తుంది. తీసుకెళ్ళండి. అది కూర్చునే కుర్చీ, పడుకునే మంచం, సామాన్లు మోసే బండి. రైడ్ల దగ్గర వందల స్ట్రోలర్లు వరసగా పెట్టి ఉంటాయి. అక్కడి ఉద్యోగులు వాటిని సర్దుతూ జరుపుతుంటారు కాబట్టి పెట్టిన చోట దొరకదు. మాది గుర్తుపట్టడానికి నాన్న తన ఎర్ర గళ్ళ తువ్వాలు హ్యాండిల్‌కి కట్టారు. మొత్తం పార్కులో అలాంటిది ఇంకొకటి లేదు.

గేటు లోపల వీల్ చైర్లు అద్దెకిస్తారు. ఆ మాట ఇంట్లోనే చెప్పి చూశాను.

"నేనేం రోగినా?" అన్నారు నాన్న.

నేను ఇంకేం మాట్లాడలేదు. గేటు దాటాక ఒక్క వీల్ చైర్ తీసుకుని, ఖాళీదే తోసుకుంటూ నడిచింది అమ్మ. "సామాన్లు పెట్టుకోవడానికి" అంది. నాన్న కోట దాకా నడిచారు. సిండ్రెల్లా కోట ఎత్తు 189 అడుగులు. 200 అడుగులు దాటితే విమానాల కోసం పైన ఎర్ర దీపం పెట్టాల్సి వస్తుందని అక్కడితో ఆపారట. పైకి వెళ్ళేకొద్దీ రాళ్ళు, కిటికీలు చిన్నవిగా కట్టారు. దాంతో చూసేవాళ్ళకి ఉన్నదానికంటే ఎత్తుగా అనిపిస్తుంది. నాన్న నడుము మీద చేతులు పెట్టుకుని అదంతా చూసి, మెల్లగా ఒక గోడని ఆనుకున్నారు. ఆయన గోడని ఆనుకున్నారంటే మోకాలు నొప్పి మొదలైందని.

పాప స్ట్రోలర్‌లోంచి ఖాళీ వీల్ చైర్ చూసింది. "అది ఎవరి బండి?" అంది.

ఎవరం మాట్లాడలేదు.

"తాతయ్య బండి," అని అదే తేల్చేసింది. "తాతయ్యా, ఎక్కు! నా బండి ఫస్టు!"

రెండు బండ్లకీ పందెం పెట్టాల్సి వచ్చింది. తాతయ్యది మా ఆయన తోశాడు, దానిది నేను. "నెమ్మది బాబూ, నెమ్మది" అని నాన్న అంటూనే ఉన్నారు. మనవరాలే గెలిచింది. ఆ తర్వాత 3 రోజులూ పార్కులో దిగగానే అది అడిగే మొదటి మాట "తాతయ్య బండి ఏది?" వద్దనడానికి నాన్నకి అవకాశమే దొరకలేదు.

బొమ్మల కొలువు, రంగులరాట్నం

ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ అనేది పడవలో కూర్చుని తిరిగే రైడ్. ఇది మొదట 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం తయారైంది. ప్రపంచంలో రకరకాల దేశాల బట్టలు కట్టుకున్న బొమ్మలు రెండు పక్కలా ఊగుతూ, అదే పాట పాడుతూ ఉంటాయి. మన దేశానికీ ఒక మూల ఉంది.

"ఇది బొమ్మల కొలువే కదే!" అంది అమ్మ. ఆ పది రోజుల ముందే సంక్రాంతికి అట్లాంటాలో అట్టపెట్టెల మీద పంచె పరిచి, మా పాప జంతువుల బొమ్మలన్నీ వరసగా పెట్టి కొలువు చేసింది. పాపకి భోగిపళ్ళు పోసింది. ఇప్పుడు పడవలో కూర్చుని, తన కొలువులో ఏ వరస ఎక్కడ పెడితే బాగుండేదో లెక్కలు వేస్తోంది. దిగాక మళ్ళీ ఎక్కుదామంది. డబ్బు దండగ అన్న మనిషి ఆవిడే.

సిండ్రెల్లా కోట వెనక రంగులరాట్నం ఉంది. 1917లో ఫిలడెల్ఫియా కంపెనీ తయారుచేసినది. వాల్ట్ డిస్నీ పుట్టిన 16 ఏళ్ళకి చేసిన గుర్రాలు ఇంకా తిరుగుతున్నాయి. తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కించినప్పుడు నేను ఏడ్చి దిగిపోయానని నాన్న మా ఆయనకి చెప్తుంటే, పాప మాత్రం దిగనని ఏడ్చింది.

డంబో దగ్గర ఇంకో ఏర్పాటు ఉంది. లైన్లో నిలబడే బదులు ఒక డేరాలో పిల్లలు ఆడుకుంటూ ఉండొచ్చు. మన వంతు వచ్చినప్పుడు చేతికిచ్చిన పేజర్ మోగుతుంది. మేం ఆడుకున్నాం, పేజర్ మోగింది, ఏనుగు దాకా వెళ్ళాం. తీరా అక్కడ పాప "వద్దు" అంది. బయట గడ్డిలో తెల్ల కొంగలు తిరుగుతున్నాయి. వాటి వెనక 20 నిమిషాలు నడిచింది. మా తెనాలి పొలాల్లో ఎన్ని కావాలంటే అన్ని కొంగలు! పాత షీట్ అయితే ఆ 20 నిమిషాలకి మా ఆయనకి బీపీ వచ్చేది. కొత్త షీట్‌లో పొద్దున్న పూటకి 3 రైడ్లే రాసుకున్నాం. రెండు అప్పటికే అయ్యాయి. కొంగలకి టైమ్ ఉంది.

12కి అన్నం. 12:45కి స్ట్రోలర్ వెనక్కి వాల్చి, పైన చున్నీ కప్పి, నీడలో అటూ ఇటూ తోస్తే 10 నిమిషాల్లో నిద్ర. అమ్మ స్ట్రోలర్ దగ్గర కూర్చుంది. నాన్నని కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌కి తీసుకెళ్ళాను. అది కూడా 1964 వరల్డ్ ఫెయిర్ నుంచి వచ్చినదే. ఏసీ హాలు, మెత్తటి సీట్లు, 20 నిమిషాల షో. హాలే మెల్లగా తిరుగుతుంది. నాన్న మొదటి సీన్‌లోనే కునుకు తీశారు. నేను లేపలేదు. టైమ్ టేబుల్ ప్రకారమే జరుగుతోంది.

లాకుల నాన్న

నాన్న ఉద్యోగం అంతా ఇరిగేషన్‌లో గడిచింది. కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్. దుగ్గిరాల లాకుల దగ్గర ఏ షట్టర్ ఎంత ఎత్తితే ఏ ఊరికి ఎంత నీరు వెళ్తుందో ఇప్పటికీ చెప్తారు. అది గుర్తొచ్చి, వచ్చే ముందు రాత్రి డిస్నీ వరల్డ్ కట్టిన కథ కొంచెం చదువుకున్నాను.

సాయంత్రం ఫెర్రీ పడవలో తిరిగి వస్తుంటే చెప్పడం మొదలుపెట్టాను. 1960ల్లో వాల్ట్ డిస్నీ ఇక్కడ తన పేరు బయటపడకుండా వేరే వేరే కంపెనీల పేరుతో భూమి కొన్నాడు. సుమారు 27,000 ఎకరాలు. ఎక్కువ భాగం చిత్తడి నేల. కట్టడం పూర్తికాకముందే, 1966లో ఆయన పోయాడు. రిటైర్ కావలసిన అన్న రాయ్ ఆగి, పని పూర్తిచేయించి, తమ్ముడి పేరు కలిపి వాల్ట్ డిస్నీ వరల్డ్ అని పెట్టాడు. నీళ్ళు పోవడానికి మైళ్ళకొద్దీ కాలవలు తవ్వారు. మనుషులు తవ్వినట్టు కనపడకుండా వాటిని వంకర్లు తిప్పారు.

"గేట్లు?" అన్నారు నాన్న.

"నీళ్ళు పెరిగితే తేలుడుతో వాటంతట అవే తెరుచుకుంటాయి నాన్నా. మనిషి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు."

నాన్న నిటారుగా కూర్చున్నారు. "మరి ఈ చెరువు?"

ఈ చెరువు కూడా తవ్విందే. ఇక్కడ కొంచెం తవ్వితే నీళ్ళు పడతాయి కాబట్టి సొరంగాలు కింద కట్టలేకపోయారు. అందుకని నేల మీదే సొరంగాలు కట్టి, చెరువులో తవ్విన మట్టి తెచ్చి చుట్టూ పోసి, దాని మీద పార్కు కట్టారు. అంటే రోజంతా మనం తిరిగింది రెండో అంతస్తులో. మన కాళ్ళ కింద ఉద్యోగులు, సామాన్లు వెళ్ళే దారులున్నాయి.

ఆయన వెనక్కి తిరిగి కోట వైపు చూశారు. చీకటి పడుతోంది. దీపాలు వెలిగాయి. "మట్టి ఎన్నాళ్ళు దిగనిచ్చారో," అన్నారు. "పోసిన మట్టి మీద వెంటనే కట్టకూడదు. మా రోజుల్లో గట్టు వేస్తే ఒక వానాకాలం చూసేవాళ్ళం." అవతలి ఒడ్డు చేరేదాకా పక్కనున్న మా ఆయనకి గట్టు ఎలా వెయ్యాలో చెప్తూనే ఉన్నారు. మా పెళ్ళయిన 5 ఏళ్ళలో మామా అల్లుళ్ళు అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు.

బాణసంచా పార్కులో చూడలేదు. చప్పుడుకి పాప బెదురుతుందని ముందే బయటికి వచ్చేశాం. ఒక రోజు మాత్రం ఫెర్రీ దిగిన ఒడ్డు మీద ఆగి, నీళ్ళ అవతల దూరంగా చూశాం. చప్పుడు పలచగా వచ్చింది. పాప తాతయ్య ఒళ్ళో కూర్చుని, రంగు మారినప్పుడల్లా "మళ్ళీ" అంది.

యానిమల్ కింగ్‌డమ్ పొద్దున్నే వెళ్ళాం. సఫారీ ట్రక్కు గతుకుల దారిలో 20 నిమిషాల దాకా తిరుగుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించి ఎక్కాలి. అమ్మ ఎక్కలేదు. ఏనుగులు, జిరాఫీలు, ఖడ్గమృగాలు నిజంగా బయట తిరుగుతుంటాయి. ఆసియా వైపు ఆనందపూర్ అని ఊహా రాజ్యం ఒకటి కట్టారు. పాత గోడలు, గుడి గంటలు, మధ్యలో పులులు. "అనంతపురం అనుకున్నా" అన్నారు నాన్న. ఆయన జోకు వేసి చాలా రోజులైంది.

మీరు వెళ్తుంటే

అమ్మానాన్నలు, చిన్నపిల్ల, మీరు కలిసి వెళ్తుంటే మా షీట్‌లోంచి కొన్ని:

రోజులు కొనేముందు నిద్రలు లెక్కపెట్టండి. పార్కు రోజుకీ పార్కు రోజుకీ మధ్య ఒక ఖాళీ రోజు వదలండి.

పొద్దున్న గేటు తెరిచే టైమ్‌కి లోపల ఉండండి. చిన్నపిల్లలున్న ఇల్లు ఎలాగూ 6:30కి లేస్తుంది, ఆ ఒక్క విషయంలో మనదే పైచెయ్యి. మొదటి రెండు గంటల్లో అయ్యే పని మధ్యాహ్నం నాలుగు గంటలైనా అవ్వదు.

లైన్ తప్పించే లైట్నింగ్ లేన్ పాస్‌కి వేరే డబ్బులు. ధర రోజుని బట్టి మారుతుంది. 3 ఏళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు. మేం ఒక్క రోజుకి కొన్నాం. పీటర్ పాన్ లాంటి వాటికి అది పనికొచ్చింది. కొంగలకి పాస్ అక్కర్లేదు.

పెద్దవాళ్ళ మందుల పేర్లు, డోసులు, ఇన్సూరెన్స్ కార్డు ఫోటో మీ ఫోన్లోనూ, వాళ్ళ ఫోన్లోనూ ఉంచండి. ప్రతి పార్కులో ఫస్ట్ ఎయిడ్ ఎక్కడుందో వెళ్ళగానే చూసుకోండి. వీల్ చైర్ మాట ఇంట్లో వాదించి గెలవాలని చూడకండి. తీసుకుని పక్కన ఉంచండి.

దారిలో ఒక రాత్రి ఆగండి. మేం జార్జియా చివర వాల్డోస్టాలో ఆగాం. కార్ సీట్‌లో కట్టేసిన పిల్ల 7 గంటలు ఊరుకోదు. మోకాళ్ళు కూడా ఊరుకోవు.

"దానికి ఏం గుర్తుంటుంది" అన్న అమ్మ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మా పాపకి బహుశా ఏమీ గుర్తుండదు. నాకు గుర్తుంటుంది. అమ్మానాన్నలు ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. మొన్న వీడియో కాల్ చేస్తే నాన్న తెనాలిలో అరుగు మీద కూర్చుని, తనతోపాటు రిటైరైన ఇద్దరికి చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నారు. ఫోన్ వైపు చూడకుండానే నన్ను అడిగారు: "అమ్మాయ్, ఆ గేటు తేలుడు ఏ వైపు ఉంటుందన్నావు? నీళ్ళొచ్చే వైపా, పోయే వైపా?"

చూసి చెప్తానన్నాను. వెతుకుతున్నాను.